బొండాలు తాగొచ్చిన ఇల్లు

ఇల్లు వెతకడమంత విసుగు పని ఇంకోటి లేదు. పెళ్ళి సంబంధాలు వెతకడం దీనికన్నా నయం, అక్కడ కనీసం సున్నుండలూ జంతికలూ పెడతారు. మేం ఎనిమిది నెలలపాటు ఆదివారం ఆదివారం చర్చిలో ఆరాధన అవ్వగానే బయల్దేరి కోనసీమంతా తిరిగేం. చివరికొచ్చేసరికి నాకు ఎవరింటి గేటు చూసినా తలనొప్పి వచ్చేసేది.

ముందు మా సంగతి చెప్పాలి. నేను కొత్తపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మా ఆయనకి రాజోలు అవతల ఒక పల్లెటూళ్ళో బ్యాంకు ఉద్యోగం. నా కాలేజీ ఈ చివర, ఆయన బ్యాంకు ఆ చివర. మధ్యలో ఉంది కదా అని పెళ్ళయిన దగ్గర్నుంచీ అమలాపురంలో అద్దెకున్నాం. నేను పొద్దున్న ఏడింటికల్లా కొత్తపేట బస్సెక్కాలి. ఆయన ఎనిమిదింటికి బండి తీస్తే బోడసకుర్రు వంతెన దాటి, మామిడికుదురు మీదుగా, దారిలో గోతులన్నిటినీ పలకరించుకుంటూ బ్యాంకుకి చేరేసరికి తొమ్మిదిన్నర దాటేది. సాయంత్రం మళ్ళీ అదే తిరుగుడు. అలా ఆరేళ్ళు. ఇంటికొచ్చేక ఇద్దరం చెరో కుర్చీలో కూలబడి, ముందెవరు లేచి టీ పెడతారా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళం. చాలాసార్లు ఎవరమూ లేచేవాళ్ళం కాదు.

“ఇద్దరూ ఉద్యోగస్తులు, మీకేంటండీ” అంటారు జనం. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మాకేంటో రోజూ ఆ బస్సులో వేలాడితే తెలుస్తుంది.

దసరాల ముందు మా అద్దింటి ఓనరు గారు వచ్చి కూర్చుని, కాఫీ తాగి, “తమ్ముడు రిటైరై వచ్చేస్తున్నాడండి, మీరు వేరే ఇల్లు చూసుకోవాలండి, తొందరేం లేదండి, మే నెలాఖరుకి చాలండి” అన్నారు. అంత మర్యాదగా బయటికి పొమ్మనడం మా గోదావరి వాళ్ళకే చేతనవును. నేను కూడా “ఆయ్, అలాగేనండి” అని గుమ్మందాకా సాగనంపేను. తలుపేసేక ఏడుపొచ్చింది. అదే వారం డాక్టరు గారు మా ఆయన నడుము ఎక్స్‌రే ఫిల్ము వెలుగులో పెట్టి చూసి, బెల్టు రాసి, బండి మీద అంత దూరం తిరగడం తగ్గించమన్నారు. తగ్గించమంటే ఎలా తగ్గుతుంది? రాజోలు మనకోసం దగ్గరికి జరుగుతుందా?

అలా మొదలైంది వెతుకులాట. అమలాపురంలో మా స్తోమతకి అందేవి రెండే రకాలు. ఒకటి, కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటి గోడకి పిడకలు కొట్టగలిగే ఇరుకు ఫ్లాట్లు. రెండోది, మొన్నటిదాకా వరిచేను, నిన్న గ్రావెల్ తోలి, ఇవాళ రాళ్ళు పాతిన స్థలాలు. ఆ గ్రావెల్ అంచున ఇంకా వరి దుబ్బులు పచ్చగా లేస్తున్నాయి. “ఏడాదిలో ఊరంతా ఇక్కడికి వచ్చేస్తదండి” అన్నాడు బ్రోకరు. “అప్పటిదాకా కప్పలతో కాపురం చెయ్యాలాండీ?” అని అడిగేను. “ఆయ్” అన్నాడు. ఆ మనిషి దేనికైనా ఆయ్ అంటాడు.

కొత్తపేట వైపు గోదారి గట్టు లోపల ఒక ఇల్లు చవగ్గా వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. లోపల గోడ మీద నా భుజం ఎత్తున ఒక చార ఉంది. “ఇదేంటండీ?” అంటే, “అబ్బే, ఏం లేదండి, వరదప్పుడు నీళ్ళొచ్చి వెళ్ళేయండి, నాలుగు రోజులు మేడ మీద సర్దుకుంటే సరిపోద్దండి” అన్నారు ఇంటావిడ, నవ్వుతూ. మా ఆయన ఆ చార పక్కన నిలబడి ఎత్తు చూసుకున్నారు. ఇద్దరం దణ్ణం పెట్టి వచ్చేసేం. అయినా ఆ ఇల్లు తీసుకుంటే ఆయన ప్రయాణం ఇంకా పెరిగేది. ఊరికే ఆశకొద్దీ చూసేం అంతే.

ఏప్రిల్ వచ్చేసరికి ఇద్దరికీ ఓపిక అయిపోయింది. అప్పుడు దొరికింది మాస్టారిల్లు.

ఆయన రిటైరైన హెడ్మాస్టరు. బ్యాంకుకి పెన్షను పనిమీద వచ్చినప్పుడు మా ఆయనకి పరిచయం. భార్యాభర్తలిద్దరూ కాకినాడలో వాళ్ళమ్మాయి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటున్నారు, ఇల్లు అమ్మేస్తున్నారు. బ్యాంకు నుంచి పది నిమిషాల నడక. రెండు పడగ్గదులు, ముందు వరండా, వెనక ఎనిమిది కొబ్బరిచెట్లు. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఆ ధరకి అమలాపురంలో మేం చూసిన గ్రావెల్ దిబ్బ కూడా రాదు. ఇంత తక్కువకి ఎందుకిస్తున్నారని నేను అడగలేదు. పాపం, పెద్దాయన మంచివారు, ఆశ లేని మనిషి అనుకున్నాను. చదువుకున్నవాళ్ళకుండే పిచ్చి నమ్మకాల్లో అదొకటి.

ఆ ఇల్లు కొంటే ఒకటే చిక్కు. నా ఉద్యోగం పోతుంది. అక్కణ్ణుంచి కొత్తపేటకి రెండు బస్సులు మారి వెళ్ళాలి, పోనూ రానూ ఐదు గంటల పైమాటే. రాజోలు వైపు కాలేజీల్లో అడిగేను. “చూద్దాం మేడం, ఖాళీ వస్తే చెప్తాం, మీరు కొత్తగా చేరినట్టే అనుకోండి” అన్నారు. తొమ్మిదేళ్ళు ఒకే కాలేజీలో ఒకే బోర్డు ముందు నిలబడ్డ దానికి, కొత్తగా చేరినట్టే!

నా ఉద్యోగం అంటే నాకు జీతం ఒక్కటే కాదు. మాది పలివెల దగ్గర. మా అమ్మమ్మా, మా అమ్మా ఊడ్పులకెళ్ళినవాళ్ళు. నడుం వంచి, మోకాళ్ళదాకా బురదలో నిలబడి, నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించేరు. మా ఇంట్లో చాక్‌పీసు పట్టిన మొదటి చెయ్యి నాది. ఇప్పటికీ కొత్తపేట సెంటర్లో నేను నడుస్తుంటే “మేడం గారండీ” అని పక్కకి తప్పుకుంటారు ఒకప్పటి నా విద్యార్థులు. దాన్ని వదులుకోమంటే ప్రాణం కొట్టుకుంది. అయినా ఒప్పుకున్నాను. ఎందుకొప్పుకున్నానంటే, మా ఆయన పొద్దున్నే మంచం మీంచి లేచేటప్పుడు గోడ పట్టుకుని లేస్తున్నారు. అది చూసేక వద్దనడానికి నోరు రాలేదు.

మాస్టారింటికి మేం మూడుసార్లు వెళ్ళేం. వెళ్ళినప్పుడల్లా మర్యాదే మర్యాద. “వందనాలు అమ్మా, రండి రండి” అని ఎదురొచ్చేవారు. చెట్టెక్కే దింపు మనిషి లేకపోయినా ఆయనే వాసం కర్రకి కొడవలి కట్టి, పొట్టి చెట్టు నుంచి బొండాలు కోసి, చెక్కి, ముచ్చిక తీసి చేతికిచ్చేవారు. ఒకటి తాగేక రెండోది. “ఒంటికి చలవమ్మా, మొహమాటపడకు” అనేవారు. మా వైపు బొండాం చేతికిచ్చేరంటే పెద్ద గౌరవం. అది తాగేక మంచినీళ్ళు అడగడం అంటే ఇంటివాళ్ళ మొహం మీద కొట్టినట్టే. నేనూ కడుపునిండా తాగి, మాస్టారి భార్యతో కబుర్లు చెప్పుకుని వచ్చేసేదాన్ని.

మేం చూడాల్సినవన్నీ చూసేం. గోడలు తట్టేం, శ్లాబు మీదకెక్కి చూసేం, వైరింగు చూసేం, కాగితాలు లాయరు గారికి చూపించేం. వంటింట్లో కుళాయి తిప్పి “ధార బాగుందండీ” అని కూడా అన్నాను. దోసిలి పట్టి ఒక్క గుక్క నోట్లో పోసుకోలేదు. గోదారి ఎగువన పుట్టినదాన్ని. మా ఊళ్ళో ఎక్కడ బోరేసినా తియ్యటి నీళ్ళు పడతాయి. నీళ్ళలో లవణాల గురించి తొమ్మిదేళ్ళు పాఠం చెప్పేనుగాని, ఇల్లు కొనేముందు నీళ్ళు రుచి చూడాలన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఇది ఎవరికన్నా చెప్తే నవ్విపోతారు.

మూడోసారి వెళ్ళినప్పుడు బయానా ఇచ్చేం. ఇచ్చిన మర్నాడు మా ప్రిన్సిపాలు గారికి చెప్పేను. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, “వచ్చే సోమవారం రాజీనామా ఇచ్చేయండి మేడం, నేను వేరేవాళ్ళని చూసుకోవాలి కదా” అన్నారు. నేను లేకపోతే కాలేజీ ఆగిపోతుందని ఏమూలో అనుకున్నానేమో, ఆ మాటకి మనసు చివుక్కుమంది.

సోమవారానికి ముందు రెండో శనివారం వచ్చింది. ఇద్దరికీ సెలవు. బీరువాలు ఎక్కడ పడతాయో కొలుచుకోవడానికి వెళ్ళేం. మా ఆయన నన్ను గేటు దగ్గర దింపి, బ్యాంకు మేనేజరు గారితో ఏదో మాట్లాడాలని వెళ్ళేరు. మాస్టారూ వాళ్ళావిడా ఎదురింట్లో ప్రార్థనకి వెళ్ళినట్టున్నారు, గేటు దగ్గరికి వేసి ఉంది. మే నెల ఎండ. తల పగిలిపోతోంది. సంచిలో మాత్ర ఉంది, సీసాలో నీళ్ళు లేవు. పెరట్లో కుళాయి ఉంది కదా అని మాత్ర నోట్లో వేసుకుని దోసిలి పట్టేను.

ఉప్పు. ఊరికే కాస్త ఉప్పగా ఉండడం కాదు. అన్నంలో పొరపాటున రెండుసార్లు ఉప్పేస్తే ఎలా ఉంటుందో అలా. మాత్ర గొంతులో అడ్డం పడింది. కక్కేసేను.

నిజం చెప్పేస్తాను. ఆ క్షణంలో నాకు కోపం రాలేదు. సంతోషం వేసింది. ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, ఈ ఇల్లు వద్దనడానికి ఒక సాకు దొరికింది, సోమవారం రాజీనామా ఇవ్వక్కర్లేదు అనుకున్నాను. గోడ పట్టుకుని లేచే మనిషి అప్పుడు గుర్తు రాలేదు.

ఇంతలో మాస్టారు గేటు తోసుకుని వచ్చేరు. “అయ్యో అయ్యో, ఆ నీళ్ళు తాగేసేవా అమ్మా!” అని గబగబా లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చేరు. అవి కొన్న టిన్ను నీళ్ళు.

“మాస్టారూ, మీ బోరు ఇంత ఉప్పేంటండీ?”

“ఉప్పే కదమ్మా. వెనక రొయ్యల చెరువులు తవ్వేక ఈ వీధి వీధంతా ఇంతే. తాగడానికీ వంటకీ టిన్నులే. స్నానానికీ బట్టలకీ ఇవి. బట్టలు కూడా తొందరగా చివికిపోతాయమ్మా.”

నా గొంతు లేచింది. “మూడుసార్లు వచ్చేం కదండీ. బొండాల మీద బొండాలు ఇచ్చేరుగాని, ఒక్క మాట చెప్పలేదేంటండీ?”

ఆయన మొహం పాలిపోయింది. “బొండాం ఎందుకిచ్చేననుకున్నావమ్మా? ఇంటికొచ్చినవాళ్ళ చేతిలో టిన్ను నీళ్ళు పెట్టడానికి నాకు సిగ్గేసేది. అంతేగాని దాచలేదు తల్లీ. మొదటిరోజే చెప్పేను. నువ్వు లోపల మా ఆవిడతో గదులు చూస్తున్నావు. అబ్బాయిగారిని కొబ్బరిచెట్ల దగ్గర నిలబెట్టి మరీ చెప్పేను. అందుకే ధర తగ్గించేనని కూడా చెప్పేను. ‘తెలుసండి, మా బ్యాంకులోనూ టిన్నులేనండి, మా ఆవిడకి నేను చెప్తాలెండి’ అన్నారు.” నెమ్మదిగా అడిగేరు. “చెప్పలేదా అమ్మా?”

ఆరేళ్ళ నుంచీ ఆ ఊళ్ళో పనిచేస్తున్న మనిషికి తెలియకపోవడమేంటి, నా మొహం! బయటివాళ్ళ ముందు మొగుణ్ణి పలచన చెయ్యలేక, “చెప్పేరండి, నేనే మర్చిపోయేను” అన్నాను. మాస్టారు నమ్మలేదు. నమ్మినట్టు తలూపేరు. ముప్ఫై ఏళ్ళు పిల్లల అబద్ధాలు విన్న మనిషి కదా.

మా ఆయన వచ్చేరు. ఎండలో వచ్చేరని మాస్టారు మళ్ళీ కర్ర తీయబోతే వద్దన్నాను. బీరువా కొలవకుండానే బయల్దేరేం. ఆయన భుజం పట్టుకోకుండా వెనక కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. మామిడికుదురు దాటేం. మామూలుగా అక్కడ మిరపకాయ బజ్జీలకి ఆపుతారు, ఆవేళ ఆపలేదు. బోడసకుర్రు వంతెన ఎక్కేక మధ్యలో బండి ఆపేసి, దిగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని రెయిలింగు పట్టుకున్నారు. నొప్పి తగ్గేదాకా అలా నిలబడడం ఆయనకి అలవాటట. ఆ అలవాటు సంగతి నాకు అప్పుడే తెలిసింది. నేను ఎప్పుడూ ఆ బండి వెనక ఇంటికి రాలేదు కదా, ఆదివారాలు తప్ప. ఆదివారాలు నా ఎదురుగా ఓర్చుకునేవారన్నమాట.

“మాస్టారు చెప్పేరా?” అన్నారు, నది వైపు చూస్తూ.

“మీరెందుకు చెప్పలేదండీ?”

“చెప్తే వద్దంటావని.”

“నీళ్ళ కోసం ఇల్లు వద్దంటానా? టిన్నులు కొనుక్కోలేమా?”

“నీళ్ళ కోసం కాదు. నీళ్ళ వంక పెట్టి వద్దంటావని. నువ్వా కాలేజీ మానలేవు. ఒప్పుకున్నరోజునే నాకు తెలుసు.”

“తెలిసే బయానా ఇప్పించేరా?”

“తెలిసే.”

పెద్ద గొడవ పెట్టుకుందామనే ఉంది. ఎన్ని మాటలు నోటిదాకా వచ్చేయో! నా తొమ్మిదేళ్ళు అంత లోకువైపోయేయా? మీ నడుము కోసం నా చదువు మూటగట్టి ఆ ఉప్పు బోరు పక్కన పడెయ్యాలా? ఇవన్నీ అందామనుకున్నాను. ఆయన నా వైపు తిరిగేరు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “నేనింక తిరగలేనే. పొద్దున్న ఈ వంతెన ఎక్కేటప్పుడు రోజూ ఇక్కడే కూర్చుండిపోవాలనిపిస్తది. ఎవరితో చెప్పను?” అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. పెళ్ళిలో ఫోటోగ్రాఫరు కదలొద్దన్నా కుదురుగా నిలబడని మనిషి.

కోపం పోలేదు. పోలేదుగాని, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. రెండూ కలిసి నన్ను ఏడిపించేయి. “నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ఆ నీళ్ళు ఉప్పని తెలియగానే ఎగిరి గంతేసేను, మీరు గుర్తే రాలేదు” అని చెప్పేసేను. లారీలు పోతుంటే వంతెన కదులుతోంది. జనం బళ్ళు నెమ్మది చేసి మమ్మల్ని చూసుకుంటూ వెళ్తున్నారు. చూస్తే చూడనీ.

మళ్ళీ బండెక్కేటప్పుడు ఎకసెక్కంగా అన్నాను. “అయితే ఒక పని చేద్దాం. మీరు బ్యాంకు పక్కన ఒక గది చూసుకోండి, నేను కాలేజీ పక్కన ఒక గది చూసుకుంటాను. పీడా పోతుంది.”

ఆయన నవ్వుతారనుకున్నాను. తాళం చెవి చేతిలో తిప్పుకుంటూ, “అదే నయమేమో” అన్నారు.

నోటి మాట అలాగే ఖాయమైపోయింది. దాన్ని వెనక్కి తీసుకునే ఓపిక ఇద్దరికీ లేదు. మాస్టారు బయానా పైసా పట్టుకోకుండా తిరిగిచ్చేసి, “మీరిద్దరూ బాగుండాలమ్మా” అని తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసేరు. నేను సిగ్గుతో చచ్చిపోయేను. రాజీనామా ఇవ్వలేదు. రెండు చోట్లా చెరో గది, రెండూ కలిపినా అమలాపురంలో ఒక ఇంటి అద్దె కన్నా తక్కువే. సామాను పంచుకున్నాం. మంచం ఆయనకి, పరుపు నాకు. గ్యాసు స్టవ్వు నాకు, కరెంటు స్టవ్వు ఆయనకి. పెళ్ళి ఫోటో ఎవరికన్నది తేలక అట్టపెట్టెలోనే ఉండిపోయింది. సంఘంలో అడిగినవాళ్ళకల్లా “కొన్నాళ్ళేనండి, బదిలీ అయ్యేదాకానండి” అని చెప్తున్నాం. అడిగినవాళ్ళందరూ “ఆయ్” అంటున్నారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన బ్యాంకుకి నడిచి వెళ్తున్నారు, నడుము నెమ్మదించింది. నాకూ బస్సు లేదు. పొద్దున్న బెల్లు కొట్టడానికి పది నిమిషాల ముందు గదిలోంచి బయల్దేరినా అందుతాను. క్లాసులో గొంతు మునుపటికన్నా బాగా లేస్తోంది. ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉండి సంపాదించుకోలేని విశ్రాంతి, విడిపోయి సంపాదించుకున్నాం. ఈ మాట రాస్తుంటే కూడా నామీద నాకు చిరాకు వేస్తోంది.

మొదటి శనివారం సాయంత్రం ఆయన బస్సు దిగి వచ్చేరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో అరటిపళ్ళ సంచి పట్టుకుని. చెప్పులు గుమ్మం బయట జాగ్రత్తగా ఒక పక్కకి విడిచేరు. గదిలోకొచ్చి చుట్టూ చూసి, “ఇక్కడ కూర్చోనా?” అని అడిగేరు. ఉన్నది ఒకటే కుర్చీ. “ఏంటండీ ఆ అడగడం, మీ ఇల్లు కాదా?” అని కసిరేను. కూర్చున్నారు. కాళ్ళు కడుక్కోవడానికి దొడ్డి ఎటో చూపించేను, తువ్వాలిచ్చేను. టీ పెడుతున్నాను. ఇంటావిడ, పెద్దావిడ, పలకరిద్దామని గుమ్మంలోకొచ్చి, “మీవారా అమ్మా? ఎన్నాళ్ళుంటారు?” అంది.

నేను నోరు తెరిచేలోపే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, ఎంతో మర్యాదగా, “రేపు సాయంత్రం వెళ్ళిపోతానండి” అన్నారు.